ఎనిమిది గళ్ళలో ఒక అక్షరం

ఈ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఏడో తరగతి పిల్లలు కంప్యూటర్ ల్యాబ్‌కి వచ్చారు. బయట హోరున వాన. నెట్ పోయింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో నలుగురైదుగురు ఒకేసారి చేతులెత్తారు. "మేడం, కంప్యూటర్ పని చెయ్యట్లేదు."

కంప్యూటర్ శుభ్రంగా పని చేస్తోంది. పని చెయ్యనిది నెట్. ఈ రెండూ వేరని చెప్పాను. పిల్లలు నా వైపు అదోలా చూశారు. నెట్ లేని కంప్యూటర్ వాళ్ళ దృష్టిలో నీళ్ళు రాని కుళాయి లాంటిది. ఉన్నా లేనట్టే.

అదే పీరియడ్‌లో ఇంకో సంగతి జరిగింది. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి వచ్చి, నోట్‌బుక్‌లో మడిచి దాచుకున్న చిన్న కాగితం నా చేతిలో పెట్టింది. విశాఖపట్నం ఓడలో ఎవరో తెలిసినవాళ్ళు వస్తుంటే వాళ్ళ అమ్మమ్మ ఆవకాయ పంపిందట. ఆ డబ్బాకి కట్టిన చీటీ అది. "అమ్మ చదివి చెప్పింది మేడం. కానీ ఇది నాకు రాసింది కదా. ఇందులో నా పేరు ఎక్కడుందో చూపిస్తారా?" అంది. ఆ పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. నాన్నగారి ఉద్యోగం వల్ల ఇప్పటికి మూడు రాష్ట్రాలు తిరిగింది. ఏ ఊళ్ళోనూ తెలుగు పలక పట్టే అవకాశం రాలేదు.

చీటీలో ఆమె పేరు చూపించాను. మొదటి అక్షరం 'ర'. ఆ అక్షరం మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది.

నెట్ లేని ల్యాబు, చదవడం రాని అమ్మ భాష. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఉందని నా అభిప్రాయం. ఆ సంబంధం నలభై ఏళ్ళ కిందటి ఒక చిన్న కంప్యూటర్‌లో ఉంది. మన విద్యాలయం ల్యాబ్‌లో నెలకి ఒక్క పీరియడ్ అయినా దాని మీద ప్రోగ్రాం రాయాలని, అందులో మొదటి పాఠం ప్రతి పిల్లా పిల్లవాడూ తన ఇంటి భాషలో ఒక అక్షరం తయారు చెయ్యడమే కావాలని నేను అంటాను. ఎందుకో చెబుతాను. ఒప్పుకోకపోతే వచ్చే సంచికలో నాకు జవాబు రాయండి.

ముందు ఆ కంప్యూటర్ సంగతి. దాని పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంపెనీ తయారు చేసింది. బ్రిటన్ ప్రజలందరికీ కంప్యూటర్ గురించి టీవీలో నేర్పించాలని బీబీసీ సంస్థ సంకల్పించింది, ఆ కార్యక్రమానికి తగిన యంత్రం కావలసివచ్చింది. అలా 1981 డిసెంబరులో ఇది బయటికి వచ్చింది. పదిహేను లక్షలకి పైగా అమ్ముడుపోయింది. కీబోర్డూ కంప్యూటరూ ఒకే పెట్టెలో ఉండేవి. తెరగా మామూలు టీవీ సరిపోయేది. రాసిన ప్రోగ్రాంని పాటలు వినే టేపురికార్డరులో, క్యాసెట్ మీద దాచుకోవచ్చు.

అది మన దేశానికీ వచ్చింది. కేంద్ర విద్యాశాఖ, ఎలక్ట్రానిక్స్ విభాగం కలిసి 1984లో 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టాయి. బడి పిల్లలకి కంప్యూటర్ పరిచయం చెయ్యడం దాని ఉద్దేశం. ఎన్‌సీఈఆర్‌టీకి అందులో ముఖ్యమైన బాధ్యత ఉంది. మొదటి విడతలో సుమారు 250 బడులకి బీబీసీ మైక్రోలు అందాయి. తర్వాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏకార్న్ అనుమతితో అదే యంత్రాన్ని యూనికార్న్ అన్న పేరుతో ఇక్కడే తయారు చేసింది. అంటే మీ అమ్మానాన్నల్లో కొందరు జీవితంలో మొదటిసారి చూసిన కంప్యూటర్ ఇదే అయ్యుండవచ్చు. ఇంటికెళ్ళి అడిగి చూడండి.

నేను చూసిన మొదటి కంప్యూటర్ కూడా ఇదే. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. బడి పేరు చెప్పను. ఆ గదికి ఎప్పుడూ తాళం ఉండేది. వారానికి ఒకసారి తలుపు తీసేవారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. ఒక్కో యంత్రం ముందు ఎనిమిది మందిమి మూగేవాళ్ళం. కీబోర్డు దగ్గర కూర్చునేది ఎప్పుడూ అబ్బాయిలే. మేము వెనక నిలబడి వాళ్ళ భుజాల మీదుగా చూసేవాళ్ళం. సంవత్సరం మొత్తం మీద నా వేలు ఆ మీటల మీద పడింది నాలుగైదు సార్లే. అందులో ఒకసారి నా పేరు ఇంగ్లీషులో తెరనిండా పడేలా రెండు వరసల ప్రోగ్రాం రాశాను. పేరు ఆగకుండా కిందికి దొర్లిపోతుంటే, "దీన్ని ఆపడం ఎలాగో కూడా నేర్చుకుని ఉండాల్సింది" అని మాస్టారు నవ్వారు. నేను కంప్యూటర్ టీచర్‌ని కావడానికి ఆ రెండు వరసలే కారణం.

ఇప్పుడు అలాంటి యంత్రం కొనాల్సిన పని లేదు. ఉప్పుగాలికి గొళ్ళేలే తుప్పుపట్టే మన దీవుల్లో నలభై ఏళ్ళ కిందటి యంత్రం బతికి ఉండటం కూడా కష్టమే. దాని పనితీరుని అచ్చుగుద్దినట్టు అనుకరించే ఎమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. ఒకసారి ల్యాబ్ కంప్యూటర్లలో ఎక్కిస్తే చాలు. ఆ తర్వాత నెట్ ఉన్నా లేకపోయినా ఒకటే. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక మన దీవుల్లో నెట్ చాలా మెరుగైంది. ఉపగ్రహం మీదే ఆధారపడిన రోజుల్ని ఇక్కడ పనిచేసిన పాత ఉద్యోగులు ఇప్పటికీ తలుచుకుంటారు. అయినా వానాకాలంలో ఇలాంటి మధ్యాహ్నాలు వస్తూనే ఉంటాయి. ఆ రోజు నేను ఎమ్యులేటర్ తెరిచాను. నల్లటి తెర, నాలుగు తెల్లటి మాటలు, మినుకుమంటున్న ఒక గీత. "ఇంతేనా?" అన్నారు పిల్లలు. ఇంతే. మీరు ఏదైనా చెప్పేవరకు అది ఏమీ చెయ్యదు.

ఈ యంత్రంలో మనం వాడుకోగల జ్ఞాపకస్థలం 32 కేబీ. అంటే 32,768 బైట్లు. ఈ రోజు ఫోనులో తీసే ఒక్క మూడు ఎంబీ ఫోటోకి ఇలాంటి యంత్రాలు 96 కావాలి. పోనీ ఆ 32 కేబీ అయినా మొత్తం మనదా అంటే, అదీ కాదు. క్యాసెట్‌తో వాడినప్పుడు యంత్రం తన సొంత అవసరాలకి 3,584 బైట్లు తీసుకుంటుంది. మిగిలినదాంట్లో తెరకి వాటా ఇవ్వాలి. అక్షరాలు మాత్రమే చూపించే ఏడో రకం తెరకి ఒక్క కేబీ చాలు. సన్నని గీతలు గీయగలిగే నాలుగో రకానికి 10 కేబీ కావాలి. రంగులెక్కువ ఉండే రెండో రకానికి 20 కేబీ. అది ఎంచుకున్నారంటే ప్రోగ్రాంకి మిగిలేది 8,704 బైట్లు మాత్రమే.

ఈ లెక్క చెప్పగానే ఏడో తరగతి పిల్లలకి వెంటనే అర్థమైంది. మా పక్కింటివాళ్ళు ఏ ఊరినుంచీ బదిలీ అయి ఉండకపోతే వాళ్ళ పిల్లలకి ఇంత త్వరగా అర్థమయ్యేది కాదేమో. మీకు తెలుసు, బదిలీ ఆర్డరు వచ్చాక ఇంట్లో జరిగేది ఇదే. పెట్టెలు ఇన్నే. ఓడలో పట్టేది ఇంతే. సైకిల్ తీసుకెళ్ళాలంటే పుస్తకాల పెట్టె ఒకటి తగ్గించాలి. వంటసామాను మీద అమ్మ రాజీపడదు. మిగిలినదాంట్లో మీ వాటా ఎంతో మీరే తేల్చుకోవాలి. ఏది నిజంగా కావాలి, ఏది అక్కడికెళ్ళాక మళ్ళీ తయారు చేసుకోవచ్చు అని ఆలోచించేవాళ్ళు బాగా సర్దుతారు. 32 కేబీలో ప్రోగ్రాం రాయడం కూడా అచ్చంగా ఈ సర్దుడే.

ఇందుకు పేరుపొందిన ఉదాహరణ ఒకటి ఉంది. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు 1984లో ఈ యంత్రం కోసం ఎలైట్ అనే ఆట రాశారు. అందులో 8 నక్షత్ర మండలాలు, ఒక్కో మండలంలో 256 లోకాలు. మొత్తం 2,048. ఒక్కో లోకానికి పేరు, వివరాలు ఉంటాయి. ఇవన్నీ దాచాలంటే జ్ఞాపకస్థలం చాలదు. అందుకని వాళ్ళు లోకాల్ని దాచలేదు. కొన్ని అంకెలు, ఒక సూత్రం మాత్రం దాచారు. ఆటగాడు ఏ లోకానికి వెళితే దాన్ని అప్పటికప్పుడు సూత్రం ప్రకారం తయారు చేశారు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే పేరు, అవే వివరాలు వస్తాయి. సూత్రం మారదు కాబట్టి.

ఇక అక్షరం దగ్గరికి వద్దాం. బీబీసీ మైక్రోకి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పుట్టుకతో వచ్చు. కానీ కొత్త అక్షరం నేర్పే మార్గం దాని బేసిక్ భాషలో ఉంది. ఒక్కో అక్షరానికి అడ్డంగా 8, నిలువుగా 8 గళ్ళు. మీ లెక్కల నోట్‌బుక్‌లో గళ్ళ కాగితం తీసి, ఎనిమిదేసి గళ్ళ చదరం గీసి, కావలసిన గళ్ళు నింపండి. ప్రతి వరసలో ఎడమ నుంచి కుడికి గళ్ళ విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపిన గళ్ళ విలువలు కూడితే ఆ వరసకి ఒక అంకె వస్తుంది. ఎనిమిది వరసలకి ఎనిమిది అంకెలు. అంతే, అదే అక్షరం.

ఆ అమ్మాయి పేరులోని 'ర'ని అందరం కలిసి గళ్ళలో దింపాము. కింద గుండ్రటి ఒళ్ళు, పైన తలకట్టు. ఒళ్ళు పక్కల వచ్చే వరసలో రెండో గడి, ఏడో గడి నిండుతాయి. 64, 2 కూడితే 66. అలా లెక్క కట్టి యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ ఇది:

వీడీయూ 23,224,2,68,40,60,66,66,66,60

ఇందులో 23 అంటే 'అక్షరం రూపం మారుస్తున్నాను' అని చెప్పడం. 224 ఆ అక్షరానికి మనం ఇచ్చిన నంబరు. మిగిలిన ఎనిమిదీ మన వరసలు. మీరూ గళ్ళు నింపి సరిచూసుకోండి. ఆ తర్వాత 224 నంబరు అక్షరాన్ని చూపించమంటే తెర మీద బుల్లి 'ర' ప్రత్యక్షమైంది. ఇరవై ఆరు అక్షరాలు తప్ప ఇంకేమీ తెలియని యంత్రానికి మన పిల్లలు ఇరవై ఏడోది నేర్పారు. అప్పటిదాకా నెట్ ఎప్పుడొస్తుందని అడుగుతున్నవాళ్ళు ఆ ప్రశ్న మరిచిపోయారు.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. అసలు చదువు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఇలా మనం మార్చుకునే అక్షరాలకి యంత్రం మామూలుగా ఇచ్చే చోటు 256 బైట్లు. అంటే 32 అక్షరాలు. తెలుగు వర్ణమాల 56 అక్షరాలని చెప్పుకుంటాం. పట్టవు. ఇంకో 32 అక్షరాలకి చోటు కావాలంటే అడగవచ్చు, కానీ ప్రోగ్రాం వాటాలోంచి ఇంకో 256 బైట్లు వదులుకోవాలి. పోనీ వర్ణమాల పట్టించినా గుణింతాల మాటేమిటి? ముప్పై హల్లులు, ఒక్కోదానికి పన్నెండు రూపాలు అనుకున్నా 360 అక్షరాలు. ఒక్కోటి 8 బైట్లు, అంటే 2,880 బైట్లు.

అప్పుడు ఒక అబ్బాయి, అతనిది తమిళం మాట్లాడే ఇల్లు, తెలుగు ఒక్క ముక్క రాదు, బోర్డు మీద 'ర', 'రి' పక్కపక్కన చూసి అన్నాడు. "మేడం, కింద భాగం మారలేదు. పైన మూడు వరసలే మారాయి." నిజమే. 2, 68, 40 అనేవి తలకట్టు. వాటిని తీసి 24, 36, 24 పెడితే గుడి వస్తుంది, 'రి' అవుతుంది. కాకపోతే ఇంగ్లీషు ఎనిమిది అంకెలా కనిపిస్తోందని అందరూ నవ్వారు. ఎనిమిది గళ్ళలో ఆ మాత్రం రాజీ తప్పదు. అతను చెప్పినట్టు ఒళ్ళుకి 5 అంకెలు, తలమీది గుర్తుకి 3 అంకెలు విడివిడిగా దాచితే, ముప్పై ఒళ్ళులకి 150, పన్నెండు గుర్తులకి 36, మొత్తం 186 బైట్లు సరిపోతాయి. కావలసినప్పుడు రెండూ అతికించే సూత్రం ప్రోగ్రాంలో ఉంటుంది. ఎలైట్ ఆటలో లోకాలకి చేసింది మనం గుణింతానికి చేశామన్నమాట. కొమ్ము లాంటివి తలమీద కూర్చోవు, పక్కకి వస్తాయి. వాటికి ఇంకో గడి కావాలి. ఆ సమస్య ఇంకా తెగలేదు. ఎవరైనా తేల్చగలిగితే ల్యాబ్‌కి రండి.

వత్తులు ఇంకో పరీక్ష. 'అమ్మ' అని రాయాలంటే 'మ' కింద మ వత్తు కావాలి. దానికి యంత్రాన్ని నడిపించే తీరు ఇది: 'మ' రాయి, ఒక అడుగు వెనక్కి రా, ఒక అడుగు కిందికి దిగు, వత్తు రాయి, తిరిగి పైకి ఎక్కు. ఈ ఐదు పనుల్నీ ఒక మూటగా కట్టి దానికి 'వత్తు' అని పేరు పెట్టుకోవచ్చు. బీబీసీ బేసిక్‌లో అలాంటి మూటని ప్రొసీజర్ అంటారు. ఒకసారి కట్టుకుంటే 'అక్క', 'అవ్వ', 'నాన్న' అన్నిటికీ అదే పనికొస్తుంది.

ఇది తెలిశాక ఫోనులో తెలుగు ఎలా కనిపిస్తుందో చెబితే పిల్లలకి కథలా వినిపించింది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 128 నంబర్ల చోటు కేటాయించారు. అందులో వత్తులకి విడి నంబర్లు లేవు. 'అమ్మ' అని మీరు కొడితే ఫోను దాచుకునేది నాలుగు నంబర్లు: అ, మ, పొల్లు, మ. 'రెండు హల్లుల మధ్య పొల్లు వస్తే రెండోదాన్ని కింద రాయి' అనే సూత్రం అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. మన ఐదు పనుల మూట లాంటిదే, ఇంకా చాలా పెద్దది. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కో తెలుగు నంబరుకి 3 బైట్లు పడతాయి కాబట్టి 'అమ్మ' 12 బైట్లు. అంతకుముందు మన దేశంలోనే భారతీయ భాషలన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణం తయారైంది, 1991లో భారతీయ ప్రమాణంగా నిలిచింది. అంటే ఎవరో కూర్చుని, మన అక్షరాల గురించి ఇలాగే గళ్ళ కాగితం మీద తలపట్టుకుని ఆలోచించబట్టి ఈ రోజు అమ్మమ్మలు ఫోనులో తెలుగులో రాస్తున్నారు. అది దానంతట అది రాలేదు.

ఇక నా మాటకి అడ్డు చెప్పేవాళ్ళ వాదనలు చూద్దాం. అవి తీసిపారేసేవి కావు.

మొదటిది: పాఠ్యప్రణాళికలో పైథాన్ ఉంది, పరీక్షలో అడిగేది అదే, ఈ పాత భాష ఎందుకు? నేను పైథాన్ మానెయ్యమనడం లేదు. పదకొండు, పన్నెండు తరగతులకి నేను చెప్పేది అదే. మంచి భాష. కానీ పైథాన్‌లో ఒక తెలుగు అక్షరం చూపించమంటే ఒక్క వరసలో చూపిస్తుంది. ఎలా వచ్చిందో చెప్పదు. అడగాలని మనకీ తోచదు. నెలకి ఒక్క పీరియడ్ అడుగుతున్నాను, ఏడాది కాదు.

రెండోది: బేసిక్ చెడు అలవాట్లు నేర్పుతుంది. ఈ మాట అన్నవారు చిన్నవారు కారు. కంప్యూటర్ శాస్త్రంలో మహామహుడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1975లోనే బేసిక్ నేర్చినవాళ్ళకి తర్వాత మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని ఘాటుగా రాశారు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ఇతర శాఖల విద్యార్థుల కోసం కూడా పనికొచ్చేలా తయారు చేసిన భాష అది. తర్వాత వచ్చిన చిన్న యంత్రాల బేసిక్‌లలో చాలావాటిల్లో ఆ వరసకి దూకు, ఈ వరసకి దూకు అంటూ రాసే పద్ధతే ఎక్కువ. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ బీబీసీ బేసిక్ రాసిన సోఫీ విల్సన్ అందులో ప్రొసీజర్లు, ఫంక్షన్లు, వాటికే పరిమితమైన చరరాశులు పెట్టారు. పనిని మూటలుగా కట్టి పేర్లు పెట్టడం అక్కడే అలవాటు చేసుకోవచ్చు. మన 'వత్తు' అలా వచ్చిందే.

ఆ సోఫీ విల్సన్ గురించి ఇంకో మాట చెప్పాలి, ముఖ్యంగా అమ్మాయిలకి. బీబీసీ మైక్రో తర్వాత ఏకార్న్ కంపెనీ కొత్త ప్రాసెసర్ చెయ్యాలనుకుంది. దాని ఆజ్ఞల పట్టిక రూపొందించింది సోఫీ విల్సన్. చిప్ నిర్మాణం చూసింది స్టీవ్ ఫర్బర్. చిప్ తయారు కాకముందే అది ఎలా పని చేస్తుందో పరీక్షించడానికి ఆమె నమూనా ప్రోగ్రాం రాసింది బీబీసీ బేసిక్‌లోనే. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్ పని చేసింది. దాని పేరు ఆర్మ్. ఈ రోజు దాదాపు ప్రతి మొబైల్ ఫోనులోనూ ఉన్నది ఆ వంశపు ప్రాసెసరే. పాత పెట్టె అని మనం అనుకునేది మీ ఇంటి ఫోనుకి ముత్తాత వరస.

మూడోది బలమైన వాదన: ఇప్పుడు కృత్రిమ మేధని అడిగితే ప్రోగ్రాం అదే రాసిస్తుంది, మనం గళ్ళు నింపుతూ కూర్చోవడమెందుకు? దీనికి నా జవాబు ఆ చీటీయే. అమ్మమ్మ చీటీని ఫోటో తీసి చూపిస్తే ఫోను చదివి హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పేస్తుంది. వాళ్ళమ్మ అప్పటికే చదివి చెప్పింది కూడా. అయినా ఆ పిల్లకి అది చాలలేదు. తన పేరు ఎక్కడుందో తనే చూడాలనుకుంది. విషయం తెలియడం వేరు, చదవగలగడం వేరు. ప్రోగ్రాం చేతికి రావడం వేరు, అది ఎందుకు అలా ఉందో తెలియడం వేరు. యంత్రం ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో చెప్పగలిగేవాళ్ళు ఒక్కసారైనా అడుగుదాకా దిగి చూసినవాళ్ళే. ఈ రోజు ఫోనులో అడుగుదాకా దిగడం ఎవరి తరమూ కాదు. 32 కేబీ పెట్టెలో అయితే ఏడో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నంలో దిగి, పైకి వచ్చారు.

ఇలా ఆలోచించింది నేనొక్కదాన్నే కాదు. తమ దగ్గరికి చదవడానికి వచ్చే విద్యార్థులకి మునుపటిలా ప్రోగ్రాం రాయడం రావడం లేదని కేంబ్రిడ్జిలో గమనించిన ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు అరచేతిలో పట్టే చవక కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై తయారు చేసి 2012లో విడుదల చేశారు. దాని రకాలకి ఏ, బీ అని పేర్లు పెట్టింది బీబీసీ మైక్రోని తలుచుకునే.

చివరిగా మీ గురించి, నా గురించి. బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు ఊరు మారినప్పుడల్లా తెగిపోకూడదనే 1963లో మన కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. ఎక్కడికెళ్ళినా అవే పుస్తకాలు, అదే ప్రార్థన, అదే పరీక్ష. దానివల్ల మీకు గణితం తెగిపోదు, సైన్సు తెగిపోదు. తెగిపోయేది ఒక్కటే, ఇంటి భాషలో రాత. మాట మిగులుతుంది, రాత మిగలదు. నేనూ బదిలీల మనిషినే. మా అబ్బాయి తెలుగులో తన పేరు రాయడం నేర్చుకున్నది పద్నాలుగో ఏట. నేర్పడానికి తీరిక లేక కాదు. రేపు చూద్దాం అనుకుంటూ మూడు ఊళ్ళు మారిపోయాయి. కాబట్టి తప్పు ఎవరిదంటే ముందు నాది.

మన దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం పది మందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారే. బెంగాలీ, తమిళం, హిందీ, మలయాళం మాట్లాడేవాళ్ళు, రోమన్ లిపిలో రాసుకునే నికోబారీ మాట్లాడేవాళ్ళు మన తరగతుల్లో పక్కపక్కనే కూర్చుంటారు. ఇంతమంది భాషలు ఒకే ల్యాబ్‌లో ఉండటం ప్రధానభూమి మీద చాలా బడులకి లేని అవకాశం. తెలుగు గుణింతం గుట్టు విప్పింది తమిళ కుర్రాడు. రేపు బెంగాలీ అక్షరాల పైగీత సంగతి తెలుగు పిల్ల తేల్చవచ్చు.

అందుకని నా ప్రతిపాదన ఇది. నెలకి ఒక పీరియడ్. నెట్ అక్కర్లేదు, కొత్త ఖర్చు లేదు. ప్రతి ఒక్కరూ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తమ పేరులోని మొదటి అక్షరం వాళ్ళ భాషలో రాయించుకుని రావాలి. గళ్ళ కాగితం మీద దింపాలి. అంకెలు కట్టాలి. డిసెంబరు 15న విద్యాలయ సంఘటన్ స్థాపన దినోత్సవం నాటికి అవన్నీ ఒకే ప్రోగ్రాంలో పెట్టి ల్యాబ్ తెర మీద చూపించాలి. కీబోర్డు దగ్గర వంతులవారీగా అందరూ కూర్చోవాలి. వెనక నిలబడి చూసేవాళ్ళు ఒక్కరు కూడా ఉండకూడదు. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఆ అమ్మాయి తన పేరు మూడు అక్షరాలూ గళ్ళలో తయారు చేసింది. గళ్ళ కాగితాన్నే మడిచి, ఖాళీ ఆవకాయ డబ్బాలో పెట్టి, విశాఖ వెళ్ళే ఓడలో పంపింది. అమ్మమ్మ ఫోనులో జవాబు చెప్పిందట. 'ర' బాగానే ఉంది, తలకట్టు మాత్రం వంకరగా ఉంది, ఈసారి సరిచేసి పంపు అని.

రెండో వరసలో 68కి బదులు ఏ అంకె పెడితే బాగుంటుందో ఇప్పుడు ఆ పిల్ల లెక్క వేసుకుంటోంది.